146 ఆర్బీఐలు, 463 అవుట్లు: ర్యాన్ హోవర్డ్ విలువను ఎలా లెక్కించాలి

అమెరికా బేస్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కి ఫస్ట్ బేస్‌మన్‌గా (మొదటి బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు) ఆడిన ర్యాన్ హోవర్డ్ పేరు పక్కన 2006లో 149 ఆర్బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు) ఉన్నాయి, 2008లో 146 ఉన్నాయి. తేడా మూడంటే మూడు. హోమ్ రన్లు (బంతిని మైదానం అవతలికి కొట్టేసే షాట్లు, క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) 58 నుంచి 48కి తగ్గాయి గానీ, ఆ 48 కూడా 2008లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లోనూ అందరికంటే ఎక్కువే. ఈ రెండు అంకెలే చూసేవాళ్లకి రెండేళ్లూ దాదాపు ఒకే ఆటగాడు కనిపిస్తాడు. పక్క కాలమ్ చూస్తే సంగతి వేరు. 2006లో హోవర్డ్ 704 సార్లు బ్యాటింగ్‌కి దిగి 299 సార్లు అవుట్ కాకుండా బేస్ మీదికి (పరుగు కోసం వరసగా చుట్టిరావాల్సిన మజిలీల్లో ఒకదానికి) చేరాడు. 2008లో 700 సార్లు దిగి 237 సార్లే చేరాడు. అరవై రెండు సార్లు తగ్గింది. అంత తరుగు వచ్చినా ఆర్బీఐ కాలమ్ మాత్రం దాదాపు కదలలేదు.

భారీ షాట్లు కొట్టే ఫస్ట్ బేస్‌మన్ విలువ కట్టడంలో ఉన్న చిక్కంతా ఇదే. బాగా కనిపించే అంకెలు హోమ్ రన్లు, ఆర్బీఐలు. మ్యాచ్‌లు గెలిపించే అంకె వాటి వెనక ఉంటుంది.

క్రికెట్ చూసేవాళ్లు ముందుగా ఒక సంగతి పట్టుకోవాలి. వన్డేలోనో టీ20లోనో బంతులూ అయిపోతాయి, వికెట్లూ అయిపోతాయి. బేస్‌బాల్‌లో బంతులకు లెక్క లేదు, టైముకి లెక్క లేదు. మామూలు మ్యాచ్‌లో జట్టుకి ఉండేవి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు, మొత్తం 27. అవి అయ్యేదాకా ఎంతసేపైనా ఆడొచ్చు. నెల మొదట్లో చేతికొచ్చిన జీతం లాంటివి ఆ 27 అవుట్లు. ఎవరెంత ఖర్చు పెట్టారు, ఆ ఖర్చుకి ఇంట్లోకి ఏం తెచ్చారు అనేదే అసలు ప్రశ్న. క్రికెట్‌లో ఒకసారి అవుటైన బ్యాటర్ ఆ ఇన్నింగ్స్‌లో మళ్లీ రాడు. ఇక్కడ అదే బ్యాటర్ మ్యాచ్‌లో నాలుగైదు సార్లు వస్తాడు. ఖర్చు పెట్టే అవకాశం కూడా అన్నిసార్లు వస్తుంది.

ఆర్బీఐ అంటే ఆ బ్యాటర్ ఆడిన బంతి వల్ల జట్టుకి వచ్చిన పరుగు. వినడానికి ఇంతకంటే సూటి కొలత ఉండదనిపిస్తుంది. కానీ ఒక సందర్భం ఊహించండి. హోవర్డ్ జట్టువాడు షేన్ విక్టొరీనో మూడో బేస్ మీద ఉన్నాడు, ఒక్క అవుటే పడింది. హోవర్డ్ బంతిని అవుట్‌ఫీల్డ్‌లోకి ఎత్తుగా కొట్టాడు. ఫీల్డర్ వెనక్కి పరిగెత్తి పట్టుకున్నాడు, హోవర్డ్ అవుట్. క్యాచ్ పట్టగానే విక్టొరీనో ఆఖరి మజిలీ అయిన హోమ్ ప్లేట్‌కి పరిగెత్తి పరుగు తీశాడు. హోవర్డ్‌కి ఒక ఆర్బీఐ. తర్వాతి ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ ఖాళీ. హోవర్డ్ గోడకి తగిలేలా కొట్టి రెండో బేస్ మీద నిలబడ్డాడు. ఆర్బీఐ సున్నా. రెండో ఆట మొదటిదానికంటే ఎంతో గొప్పది. స్కోరుకార్డు ఆర్బీఐ కాలమ్‌లో దానికి గుర్తే మిగల్లేదు.

ఆ రోజుల్లో ఫిల్లీస్ లైనప్‌లో హోవర్డ్ నాలుగో స్థానంలో ఆడేవాడు. అతని ముందు జిమ్మీ రోలిన్స్, విక్టొరీనో, చేజ్ అట్లీ. రోలిన్స్, విక్టొరీనో ఇద్దరూ చురుగ్గా పరిగెత్తేవాళ్లు, బేస్‌లు దొంగిలించేవాళ్లు (షాట్ లేకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తేవాళ్లు). అట్లీ 2008లో తన అవకాశాల్లో 38 శాతం సార్లు బేస్ చేరాడు. హోవర్డ్ బ్యాట్ పట్టుకుని వచ్చేసరికి చాలాసార్లు పొయ్యి మీద వంట సిద్ధంగా ఉండేది. వడ్డించడం కూడా పనే, కాదనలేం. కానీ వండినవాళ్ల వాటా మొత్తం వడ్డించినవాడి పేరున రాయడం అన్యాయం.

దీన్ని తలకిందులుగా చూపించే ఉదాహరణ సిన్సినాటి రెడ్స్‌లో దొరుకుతుంది. 2013లో ఆ జట్టు ఫస్ట్ బేస్‌మన్ జోయ్ వాటో ఆర్బీఐలు 73. హోవర్డ్ 2008 ఆర్బీఐల్లో కచ్చితంగా సగం. పరుగులు తేవాల్సిన బ్యాటర్ వాక్‌లు (నాలుగు చెడు బంతులు వదిలేస్తే ఊరికే దక్కే బేస్) తీసుకుంటూ కూర్చున్నాడని వాటో మీద గట్టిగానే విమర్శలు వచ్చాయి. అదే సీజన్‌లో అతను 726 అవకాశాల్లో 316 సార్లు బేస్ చేరాడు. అందులో 135 వాక్‌లు. అతని తర్వాత బ్యాటింగ్‌కి వచ్చిన బ్రాండన్ ఫిలిప్స్ ఆ ఏడాది 103 ఆర్బీఐలు చేశాడు. ఫిలిప్స్ బేస్ చేరిన రేటు 0.310, స్లగ్గింగ్ (షాట్ల బలానికి కొలత, వివరం ముందు వస్తుంది) 0.396. రెండూ మామూలు అంకెలే. ఫిలిప్స్‌కి ముందు షిన్-సూ చూ, వాటో లాంటి వాళ్లు రోజూ బేస్‌ల మీద నిలబడి ఉన్నారు. ఆ వందలో వాళ్ల వాటా ఎంతో ఆలోచించాలి.

ఇప్పుడు హోవర్డ్‌ని అతని సాటివాడి పక్కన పెట్టి చూద్దాం. 2008 నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) ఓటింగ్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఫస్ట్ బేస్‌మన్ ఆల్బర్ట్ పుహోల్స్ మొదటి స్థానంలో, హోవర్డ్ రెండో స్థానంలో నిలిచారు. మొత్తం 32 మంది ఓటర్లలో 18 మంది పుహోల్స్‌ని, 12 మంది హోవర్డ్‌ని మొదటి స్థానంలో రాశారు. పుహోల్స్‌కి 37 హోమ్ రన్లు, 116 ఆర్బీఐలు. హోవర్డ్‌కి 48, 146. ఈ నాలుగు అంకెలే ముందుంటే ఆ 12 ఓట్లు ఎందుకు పడ్డాయో అర్థమవుతుంది. పైగా ఫిల్లీస్ ఆ ఏడాది లీగ్‌లో తన డివిజన్ (విభాగం) గెలిచింది. ఆ గెలుపు తేలిన సెప్టెంబర్‌లో హోవర్డ్ 11 హోమ్ రన్లు కొట్టి 32 ఆర్బీఐలు చేశాడు. చివరి నెలలో కళ్లముందు చూసింది ఎవరి మనసులోనైనా నిలిచిపోతుంది.

అవుట్ల లెక్క తీయండి. పుహోల్స్ 641 సార్లు దిగి 296 సార్లు బేస్ చేరాడు, అంటే 345 సార్లు విఫలమయ్యాడు. హోవర్డ్ 700 సార్లు దిగి 463 సార్లు విఫలమయ్యాడు. తేడా 118 అవుట్లు. మ్యాచ్‌కి 27 చొప్పున చూస్తే నాలుగు మ్యాచ్‌లకు సరిపోయే బ్యాటింగ్‌ని హోవర్డ్ అదనంగా ఖర్చు చేశాడు. అందుకు బదులుగా జట్టుకి దక్కినవి 11 హోమ్ రన్లు ఎక్కువ. దక్కకుండా పోయినవి 59 సార్లు బేస్ చేరడం.

బేస్ చేరే రేటుని ఓబీపీ అంటారు. హిట్లు (కొట్టిన బంతితో బేస్ చేరడం), వాక్‌లు, ఒంటికి బంతి తగిలి బేస్ దక్కడం, ఈ మూడూ కలిపి అవకాశాలతో భాగిస్తే వస్తుంది. 2008లో హోవర్డ్‌ది 0.339, పుహోల్స్‌ది 0.462. నేషనల్ లీగ్ మొత్తం సగటు 0.331. ఆ సగటులో పిచర్ల (బంతి విసిరేవాళ్ల) బ్యాటింగ్ కూడా కలిసి ఉందని మర్చిపోకూడదు, అప్పట్లో ఆ లీగ్‌లో పిచర్లూ బ్యాటింగ్‌కి దిగాల్సిందే. వాళ్లని తీసేస్తే సగటు ఇంకా పెరుగుతుంది. అంటే ఎంవీపీ రేసులో రెండో స్థానంలో నిలిచిన ఆటగాడు బేస్ చేరడంలో లీగ్‌లోని ఒక మామూలు బ్యాటర్‌కి పెద్ద దూరంలో లేడు.

సరే, హోవర్డ్ పని హోమ్ రన్లు కొట్టడం కదా, బలంలోనైనా అతను ముందుంటాడు కదా అనిపిస్తుంది. అక్కడ ఇంకో ఆశ్చర్యం ఉంది. స్లగ్గింగ్ అనే కొలతలో సింగిల్‌కి (ఒక బేస్ తెచ్చే హిట్) ఒకటి, డబుల్‌కి రెండు, ట్రిపుల్‌కి మూడు, హోమ్ రన్‌కి నాలుగు చొప్పున కూడి ఎట్ బ్యాట్‌లతో (వాక్‌లు లాంటివి తీసేసి మిగిలిన అవకాశాలతో) భాగిస్తారు. అందులోంచి బ్యాటింగ్ యావరేజ్ (హిట్లని ఎట్ బ్యాట్‌లతో భాగిస్తే వచ్చేది) తీసేస్తే సింగిల్స్ ప్రభావం పోయి అచ్చంగా బలం మిగులుతుంది. దీన్ని ఐసొలేటెడ్ పవర్ అంటారు. హోవర్డ్ స్లగ్గింగ్ 0.543, యావరేజ్ 0.251, మిగిలింది 0.292. పుహోల్స్ స్లగ్గింగ్ 0.653, యావరేజ్ 0.357, మిగిలింది 0.296. బలం దాదాపు సమానం! హోమ్ రన్లలో 11 వెనకబడినవాడు 44 డబుల్స్‌తో ఆ లోటు పూడ్చుకున్నాడు. ఎట్ బ్యాట్‌లు కూడా అతనికి తక్కువ, 524 మాత్రమే. హోవర్డ్‌కి 610.

స్లగ్గింగ్‌కి ఒక లోపం ఉంది, ఓబీపీకి ఇంకో లోపం ఉంది. హోమ్ రన్ విలువ సింగిల్‌కి నాలుగు రెట్లు అని స్లగ్గింగ్ అనుకుంటుంది. వాక్, హోమ్ రన్ రెండూ ఒకటే అని ఓబీపీ అనుకుంటుంది. రెండూ నిజం కాదు. ఈ రెంటినీ కూడితే వచ్చే ఓపీఎస్ తేలిగ్గా వాడుకోవచ్చు, కానీ ఆ లోపాలు అందులోనూ ఉంటాయి. వేల మ్యాచ్‌ల్లో ఏ సంఘటన తర్వాత సగటున ఎన్ని పరుగులు వచ్చాయో లెక్కగట్టి, ఒక్కోదానికి తగిన బరువు ఇచ్చే పద్ధతి ఉంది. దాని పేరు డబ్ల్యూఓబీఏ. బరువులు ఏడాదిని బట్టి కాస్త మారుతుంటాయి. ఉజ్జాయింపుగా వాక్‌కి 0.7, సింగిల్‌కి 0.9, డబుల్‌కి 1.25, ట్రిపుల్‌కి 1.6, హోమ్ రన్‌కి 2 అనుకోవచ్చు. హోమ్ రన్ సింగిల్‌కి రెండు రెట్ల కంటే కొంచెం ఎక్కువ, అంతే. వాక్ కూడా సింగిల్‌కి మరీ దూరంలో లేదు.

ఈ బరువులతో 2008 లెక్క చేతితో వేసుకోవచ్చు. హోవర్డ్‌కి 81 వాక్‌లు, బంతి తగిలినవి 3, సింగిల్స్ 75, డబుల్స్ 26, ట్రిపుల్స్ 4, హోమ్ రన్లు 48. బంతి తగిలినవాటికీ వాక్ బరువే ఇచ్చి మొత్తం కూడితే 261 వస్తుంది, 700తో భాగిస్తే 0.373. పుహోల్స్‌కి వాక్‌లు 104, బంతి తగిలినవి 5, సింగిల్స్ 106, డబుల్స్ 44, హోమ్ రన్లు 37. ఇదే లెక్కలో 0.469. ఈ తేడాని పరుగుల్లోకి మార్చితే సీజన్ మొత్తానికి సుమారు 50 పరుగులు. పది పరుగులకి ఒక గెలుపు అనేది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. అంటే బ్యాట్‌తోనే అయిదు గెలుపుల తేడా. 73 ఆర్బీఐల వాటోకి 2013 అంకెలతో ఇదే లెక్క వేస్తే 0.407 వస్తుంది. 146 ఆర్బీఐల హోవర్డ్ కంటే బాగా పైన.

స్ట్రైకౌట్ల (మంచి బంతిని వదిలేసో, తగలక పోగొట్టుకునో మూడు స్ట్రైకులతో అవుట్ కావడం) విషయంలో మాత్రం హోవర్డ్‌ని కావాల్సినదానికంటే ఎక్కువ తిట్టారు. 2007లో 199, 2008లో మళ్లీ 199. వినగానే గుండె గుభేలుమంటుంది. అయితే స్ట్రైకౌట్ అయినా, ఫీల్డర్ చేతిలోకి నేరుగా కొట్టినా అవుట్ అవుటే. స్ట్రైకౌట్ వల్ల రన్నర్ ముందుకి కదలడు, అది నష్టం. గ్రౌండ్ బాల్ (నేలబారు షాట్) కొడితే ఒకే దెబ్బకి ఇద్దరు అవుటయ్యే ప్రమాదం ఉంది, స్ట్రైకౌట్‌లో అది దాదాపు లేదు. రెండూ కలిపి చూస్తే తేడా చిన్నది. 2006లో అతను 181 సార్లు స్ట్రైకౌట్ అయ్యి కూడా 0.425 ఓబీపీ సాధించాడు. ఆ ఏడాది 0.313 యావరేజ్, 0.659 స్లగ్గింగ్‌తో అతను పుహోల్స్‌ని దాటి ఎంవీపీ అయ్యాడు. ఆ గౌరవానికి గట్టి ఆధారమే ఉంది. లీగ్ సగటుని 100గా పెట్టి, మైదానం అనుకూలతని సరిచేసి చూసే ఓపీఎస్ ప్లస్‌లో ఆ ఏడాది అతనిది 167. 2008కి 125కి పడింది. మంచి బ్యాటరే, కానీ ముందటి ఆటగాడు కాడు. మైదానాన్ని సరిచేయడం అతని విషయంలో అవసరం కూడా, ఎందుకంటే ఫిల్లీస్ 2004 నుంచి ఆడుతున్న సిటిజన్స్ బ్యాంక్ పార్క్ హోమ్ రన్లు తేలిగ్గా వెళ్లే మైదానమని పేరు పడింది.

అసలు నష్టం స్ట్రైకౌట్లలో కాదు, వాక్‌లలో జరిగింది. 2006లో 108, 2007లో 107, 2008లో 81, 2009లో 75. ఈ వరుస చూస్తే పిచర్లు అతనికి భయపడటం మానేస్తున్నారని తెలుస్తుంది. 2006లో అతన్ని 37 సార్లు కావాలనే వాక్ ఇచ్చి పంపారు, అంటే ఇతనితో ఆడటం కంటే ఊరికే బేస్ ఇచ్చేయడమే మేలు అనుకున్నారు. తర్వాత్తర్వాత ఆ అవసరం లేకుండా ఒక దారి దొరికింది.

ఆ దారి ఎలా ఉండేదో కళ్లకి కట్టినట్టు చెప్పొచ్చు. ఎనిమిదో ఇన్నింగ్స్. ఎడమచేతి వాటం హోవర్డ్ బ్యాట్‌ని ఒంటిచేత్తో పిచర్ వైపు చాచి నిలబడతాడు. అవతలి మేనేజర్ మైదానంలోకి నడిచొచ్చి పిచర్‌ని మార్చి ఎడమచేతి వాటం పిచర్‌ని పిలిపిస్తాడు. ఫీల్డర్లు కుడివైపుకి జరుగుతారు. షార్ట్‌స్టాప్ రెండో బేస్ దాటి వచ్చేస్తాడు, సెకండ్ బేస్‌మన్ వెనక్కి పచ్చిక మీదికి వెళ్లి నిలబడతాడు. హోవర్డ్ నేలబారుగా కొట్టే బంతులు ఎక్కువగా అటే వెళ్తాయని అందరికీ తెలుసు. పిచర్ బంతిని బయటికి, కిందికి జారేలా వేస్తాడు. కొడితే ఆ గోడలాంటి ఫీల్డర్ల చేతిలోకి, కొట్టకపోతే స్ట్రైకౌట్. 2009లో అతని 45 హోమ్ రన్లలో ఎడమచేతి పిచర్ల మీద వచ్చినవి ఆరే, వాళ్ల మీద యావరేజ్ 0.207. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో (సీజన్ చివరి ఫైనల్ పోరు) న్యూయార్క్ యాంకీస్ జట్టు సీసీ సబాథియా, ఆండీ పెటిట్, డమాసో మార్టే లాంటి ఎడమచేతివాళ్లతో అతన్ని కట్టేసింది. 23 ఎట్ బ్యాట్‌లలో 4 హిట్లు, 13 స్ట్రైకౌట్లు. ఒక వరల్డ్ సిరీస్‌లో అంతకుముందు ఏ బ్యాటరూ అన్నిసార్లు స్ట్రైకౌట్ కాలేదు. 2023 నుంచి రెండో బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు ఉండి తీరాలని నియమం వచ్చింది. హోవర్డ్ ఆడిన కాలంలో అది ఉండి ఉంటే అతని గ్రౌండ్ బాల్స్ కొన్ని హిట్లు అయ్యేవి, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక ఫస్ట్ బేస్ అనే స్థానం గురించి. మైదానంలో తక్కువ కష్టమైన స్థానాల్లో ఇదొకటి. వేగం లేకపోయినా, దూరం విసరలేకపోయినా ఇక్కడ నిలబెట్టొచ్చు. అందుకే ప్రతి జట్టూ తన బలమైన బ్యాటర్‌ని ఇక్కడే పెడుతుంది. దాంతో ఈ స్థానంలో సగటు బ్యాటింగ్ అంటేనే ఎత్తయిన మెట్టు. విలువ లెక్కల్లో వాడే ఒక పద్ధతి ప్రకారం పూర్తి సీజన్‌కి ఫస్ట్ బేస్‌మన్ ఖాతాలోంచి 12.5 పరుగులు ముందే తీసేస్తారు, సెకండ్ బేస్‌మన్‌కి 2.5 కలుపుతారు. అంటే ఒకే రకంగా బ్యాటింగ్ చేసినా సెకండ్ బేస్‌మన్ 15 పరుగులు ముందుంటాడు. ఫిల్లీస్‌లోనే అట్లీ సెకండ్ బేస్ ఆడుతూ 2008లో 33 హోమ్ రన్లు, 104 ఆర్బీఐలు చేశాడు. బ్యాటింగ్, ఫీల్డింగ్, పరుగు అన్నీ కలిపి చూసే వార్ అనే కొలతలో ఆ ఏడాది అట్లీది 9 దగ్గర, పుహోల్స్‌ది 9 దాటి, హోవర్డ్‌ది 2 దగ్గర. ఫిల్లీస్‌కి వరల్డ్ సిరీస్ వచ్చిన ఆ ఏడాది జట్టులో అత్యంత విలువైన ఆటగాడు ఆర్బీఐ పట్టికలో మొదటివాడు కాదు, అతని ముందు బ్యాటింగ్‌కి వచ్చినవాడు. వార్‌లో ఫీల్డింగ్ లెక్క కొంత అంచనా మీద నడుస్తుంది కాబట్టి ఒకటీ అర తేడాల కోసం పోట్లాడుకోనక్కర్లేదు. ఇక్కడ తేడా ఏడు.

2010 ఏప్రిల్‌లో ఫిల్లీస్ హోవర్డ్‌తో కొత్త ఒప్పందం రాసుకుంది. అయిదేళ్లకి 12 కోట్ల 50 లక్షల డాలర్లు. పాత ఒప్పందానికి ఇంకా రెండు సీజన్లు ఉండగానే, 2012 నుంచి మొదలయ్యేలా. సంతకం నాటికి అతనికి 30 ఏళ్లు, మొదలయ్యేసరికి 32. మేజర్ లీగ్‌లోకి అతను వచ్చిందే ఆలస్యంగా. జిమ్ టోమీ ఫస్ట్ బేస్‌లో ఉండటం, నేషనల్ లీగ్‌లో బ్యాటింగ్‌కి మాత్రమే వచ్చే ఆటగాడి స్థానం అప్పట్లో లేకపోవడం వల్ల అతను మైనర్ లీగుల్లో (మేజర్ లీగ్‌కి కింది స్థాయి పోటీలు) ఎదురుచూడాల్సి వచ్చింది. 2005లో టోమీ గాయపడ్డాకే చోటు దొరికింది. అందుకే అతని మంచి వయసు మేజర్ లీగ్‌లో కొంచెమే ఖర్చయింది, మిగతాది మైనర్ లీగుల్లో పోయింది. బాధ కలిగించే సంగతే, కానీ 2012 తర్వాత ఆటకి డబ్బు ఇచ్చేటప్పుడు చూడాల్సింది మాత్రం వయసే.

సంతకం రోజున జట్టు ముందున్న కాగితాల్లో నాలుగేళ్లలో 198 హోమ్ రన్లు, 572 ఆర్బీఐలు ఉన్నాయి. ఏడాదికేడాది తగ్గుతున్న వాక్‌లు కూడా అదే కాగితం మీద ఉన్నాయి, ఎడమచేతి పిచర్ల మీద 0.207 ఉంది, ఆరు నెలల కిందటి 13 స్ట్రైకౌట్లు ఉన్నాయి. 2011 అక్టోబర్ 7న కార్డినల్స్‌తో 1-0తో ఓడిపోయిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఆఖరి బ్యాటర్ హోవర్డే. గ్రౌండ్ బాల్ కొట్టి పరిగెత్తబోయి, ఎడమ కాలి మడమ దగ్గరి అకిలిస్ స్నాయువు తెగి దారిలోనే పడిపోయాడు. అవతలివాళ్లు మధ్యలో సంబరాలు చేసుకుంటుంటే అతను నేలమీదే ఉన్నాడు. ఆ గాయాన్ని ఎవరూ ముందుగా లెక్కగట్టలేరు. తర్వాత జరిగినదంతా ఆ గాయం మీదే వేయడం కూడా సరికాదు, ఎందుకంటే ఓబీపీ గాయానికి ముందే 0.425 నుంచి 0.346కి వచ్చేసింది.

ఒప్పందం నడిచిన 2012 నుంచి 2016 దాకా 810 మ్యాచ్‌లకి అతను 545 ఆడాడు, 96 హోమ్ రన్లు కొట్టాడు. 2014లో 95 ఆర్బీఐలు చేశాడు. ఆ ఏడాది అతని ఓబీపీ 0.310, స్లగ్గింగ్ 0.380. ఫస్ట్ బేస్‌లో ఈ అంకెలతో ఏ జట్టుకీ లాభం లేదు, అయినా 95 అనే అంకె చూసి బాగానే ఆడాడనుకున్నవాళ్లు ఉంటారు. చివరి సీజన్ 2016లో 112 మ్యాచ్‌ల్లోనే 25 హోమ్ రన్లు వచ్చాయి. బంతిని దూరం కొట్టే శక్తి చివరిదాకా అతని చేతుల్లోనే ఉంది. ఆ ఏడాది అతని యావరేజ్ 0.196, ఓబీపీ 0.257. నాలుగు సార్లు బ్యాటింగ్‌కి దిగితే దాదాపు మూడు సార్లు అవుట్.